సెల్‌ఫోన్‌లోనే ఐసీయూ పాఠాలు... పైసా ఖర్చు లేదు!

మధ్యాహ్నం భోజనాలయ్యి, గిన్నెలు సర్దేసి, కాస్త నడుం వాల్చినప్పుడు మీ చేతిలో సెల్‌ఫోను ఉంటుందా, ఉండదా? నిజం చెప్పండి! ఉల్లిపాయ వెయ్యని గుత్తొంకాయ కూర, కొత్తరకం జాకెట్టు మెడ, నిన్న మిస్సయిన సీరియల్ ముక్క... ఇవే కదా మనం చూసేది. తప్పేం లేదు. రోజంతా చాకిరీ చేసినవాళ్లకి ఆ గంటైనా కావాలి. కానీ అదే ఫోనులో ఆస్ట్రేలియాలోనో, అమెరికాలోనో ఎమర్జెన్సీ వార్డుల్లో పనిచేసే పెద్ద డాక్టర్లు తమ జూనియర్లకు చెప్పే పాఠాలు కూడా దొరుకుతాయి. ఫీజు లేదు, పరీక్ష లేదు. ఈ సంగతి మీలో ఎందరికి తెలుసు?

"డాక్టర్ల పాఠాలు మనకెందుకమ్మా, మనమేమైనా ఆపరేషన్లు చెయ్యాలా?" అంటారేమో. ఒక్క లెక్క చూడండి. గుండె ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బ తినడం మొదలవుతుంది. 108కి ఫోన్ చేస్తే, బండి ఎంత తొందరగా వచ్చినా, మన సందులు దాటి, గేటు వెతుక్కుని, మెట్లెక్కి రావాలి. ఆ మధ్యలో ఇంట్లో ఎవరుంటారు? ఆయన ఆఫీసులో, పిల్లలు కాలేజీలో. ఉండేది మనమే. పక్కగదిలో మామగారో, అత్తగారో. ఆ నాలుగైదు నిమిషాలకి డాక్టర్ మనమే అన్నమాట!

ఉచితంగా ఎందుకిస్తున్నారు?

నాకూ ఇదే అనుమానం వచ్చింది. ఈ రోజుల్లో ఊరికే వచ్చేదేదీ నమ్మలేం కదా. కాస్త తవ్వితే దీని వెనక కథ బయటపడింది. డాక్టర్లు చదివే పత్రికలు చాలా ఖరీదైనవట. పెద్ద ఆస్పత్రులూ, కాలేజీలే కొనగలవు. దాంతో ఎమర్జెన్సీ డాక్టర్లు కొందరు తమకు తెలిసింది తామే రాసి, మాట్లాడి, ఇంటర్నెట్‌లో పెట్టేయడం మొదలుపెట్టారు. ఆస్ట్రేలియాలో మైక్ కడోగన్, క్రిస్ నిక్సన్ అనే ఇద్దరు డాక్టర్లు 2007లో 'లైఫ్ ఇన్ ది ఫాస్ట్ లేన్' మొదలెట్టారు. 2009లో అమెరికాలో స్కాట్ వైన్‌గార్ట్ అనే ఆయన 'ఈఎంక్రిట్' పేరుతో ఐసీయూ సంగతులు రేడియో ప్రసంగాల్లాగా చెప్పడం మొదలుపెట్టాడు. 2012లో ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో ఎమర్జెన్సీ డాక్టర్ల ప్రపంచ సభ జరిగినప్పుడు, అక్కడి పబ్బులో కూర్చుని ఈ పద్ధతికి కడోగన్ ఒక పేరు పెట్టాడు - 'ఫోమ్'. అంటే ఎవరైనా, ఎక్కడైనా ఉచితంగా చదువుకోగలిగే వైద్య విద్య అని. చేతిలో ఉన్న బీరు గ్లాసు మీద నురగ చూసి ఆ పేరు తట్టిందట! మంచిపనికి ముహూర్తం ఎక్కడ కుదురుతుందో ఎవరు చెప్పగలరు?

మన దేశంలో ఎమర్జెన్సీ వైద్యాన్ని ప్రత్యేకమైన చదువుగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది కూడా 2009లోనే. అంతకుముందు క్యాజువాలిటీలో ఆ రోజు ఎవరి డ్యూటీ పడితే వాళ్లే చూసేవారు. అందుకని ఇక్కడి కుర్ర డాక్టర్లకు ఈ ఉచిత పాఠాలు బాగా అక్కరకొచ్చాయి.

ఇందులో అన్నీ మనకు పనికొస్తాయని చెప్పను. 'లైఫ్ ఇన్ ది ఫాస్ట్ లేన్'లో ఈసీజీ గీతల మీద పెద్ద భాండాగారమే ఉంది. అది తెరిచి చూస్తే నాకు ముగ్గులపుస్తకంలా కనిపించింది, మూసేశాను. ఈఎంక్రిట్ కూడా అంతే, అది డాక్టర్లు డాక్టర్లతో మాట్లాడుకునే మాట. పిల్లల జబ్బుల మీద 2013లో మొదలైన 'డోంట్ ఫర్‌గెట్ ది బబుల్స్' అనేది మాత్రం, పేరు బావుందని తెరిచాను. పసిపిల్లల్ని ఏడిపించకుండా పరీక్ష చెయ్యడానికి డాక్టర్లు సబ్బునీటి బుడగలు ఊదాలని గుర్తుచేసే పేరు అది. ముద్దుగా లేదూ?

మనలాంటివాళ్లు చూడదగ్గది ఇంకోటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ కలిసి 2018లో తెచ్చిన 'బేసిక్ ఎమర్జెన్సీ కేర్' అనే పుస్తకం. పెద్ద మిషన్లు లేని చిన్న ఆస్పత్రుల్లో పనిచేసే నర్సుల కోసం, డాక్టర్ల కోసం రాశారు. ఉచితంగానే దింపుకోవచ్చు. ఇంగ్లీషు సులభం, బొమ్మలు బోలెడు. మందుల సంగతి మనం వదిలేద్దాం. మొదట్లో ఉన్న వరస ఒక్కటి చాలు.

ఏ, బీ, సీ, డీ, ఈ

ఇదేదో ఎల్‌కేజీ పాఠం అనుకునేరు! ప్రపంచంలో ఏ ఎమర్జెన్సీ వార్డుకెళ్లినా డాక్టరు మనసులో ఈ వరసే నడుస్తుంది. ఏ అంటే గాలి వెళ్లే దారి - నోరూ గొంతూ అడ్డులేకుండా ఉన్నాయా? బీ అంటే ఊపిరి - పీలుస్తున్నారా, ఎలా పీలుస్తున్నారు? సీ అంటే రక్తప్రసరణ - ఎక్కడైనా రక్తం కారిపోతోందా, ఒళ్లు చల్లబడి చెమట పట్టిందా? డీ అంటే తెలివి - పిలిస్తే పలుకుతున్నారా? ఈ అంటే ఒళ్లంతా చూడటం - బట్ట చాటున గాయముందా, పాముకాటు గాట్లున్నాయా?

ఇందులో గొప్పంతా ఆ వరసలోనే ఉంది. మనిషిని ముందు చంపేది ముందు చూడాలి. చేతికి ఎముక విరిగి వంకరపోయి ఉంటే చూడ్డానికి భయంగానే ఉంటుంది, కానీ దానివల్ల ఐదు నిమిషాల్లో ప్రాణం పోదు. నాలుక వెనక్కి పడి గొంతు మూసుకుపోతే పోతుంది.

మరి మన ఇళ్లల్లో వరస ఎలా ఉంటుంది? మొదట ఒక ఏడుపు. తర్వాత మొహాన నీళ్లు. ఆ తర్వాత నోట్లో నీళ్లో, కాఫీనో, సోడానో పోయడం. అప్పుడు ఊళ్లో ఉన్న ఆడపడుచుకి ఫోను. ఆఖర్న 108. అవునా, కాదా? తెలివిలేని మనిషి నోట్లో ఏది పోసినా అది కడుపులోకి కాదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మింగే తెలివి ఉండదు కదా! ఊపిరి బాగానే ఆడుతూ తెలివి మాత్రం లేకపోతే ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచాలి. వాంతైనా, ఉమ్మైనా బయటికి కారిపోతుంది. ఫిట్స్ వచ్చినవాళ్లకీ ఇదే. చేతిలో తాళాలగుత్తి పెట్టడం, పళ్లమధ్య చెంచా దూర్చడం, ఉల్లిపాయ వాసన చూపించడం ఇక మానేద్దాం. ఆ మనిషి తలకింద మెత్తటిది పెట్టి, చుట్టూ ఉన్న కుర్చీలూ స్టూళ్లూ జరిపి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే 108.

దిండు మీద ప్రాక్టీసు

అన్నిటికంటే ఎక్కువసేపు మీరు చూడాల్సింది సీపీఆర్ పాఠం. ఛాతీ మీద నొక్కి ఆగిన గుండెతో పని చేయించడం. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రివాళ్లు 1960లో ఈ పద్ధతిని లోకానికి చెప్పారు. రెండు చేతులుంటే చాలు, ఎక్కడైనా చెయ్యొచ్చు అన్నారు. అదే ఏడాది నార్వేలో ఏస్మండ్ లేర్డాల్ అనే ఆటబొమ్మల వ్యాపారి దీన్ని నేర్పడానికి ఒక పెద్ద బొమ్మ తయారుచేశాడు. ఆ బొమ్మ మొహం ఎవరిదో తెలుసా? పారిస్‌లో సేన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే ఒక పేరు తెలియని ఆడపిల్లది. ఆ పిల్లని బతికించే నాథుడు లేకపోయాడుగానీ, ఆ మొహం మీద వంగి లక్షలమంది ప్రాణం పోయడం నేర్చుకున్నారు.

ఎలా చెయ్యాలో చెప్తాను, కానీ చదివి ఊరుకోకండి, వీడియో చూడండి. మనిషి ఉన్నట్టుండి కూలిపోయాడు. భుజాలు తట్టి గట్టిగా పిలిచారు, పలకలేదు. ఛాతీ కదలడం లేదు, లేదా ఉండుండి ఒక్కో ఎగశ్వాస తీస్తున్నాడు. ఇక్కడే మనవాళ్లు ఆగిపోతారు. "ఊపిరి ఆడుతోంది, ఎగశ్వాస వస్తోంది, తులసితీర్థం తెండి" అంటారు. మంచంపట్టి, చివరిదశలో ఉన్న ముసలివాళ్ల సంగతి వేరు. అప్పటిదాకా తిరుగుతున్న మనిషి హఠాత్తుగా పడిపోయి ఎగశ్వాస తీస్తుంటే అది ఊపిరి కాదు, గుండె ఆగిందనడానికి గుర్తు! వెంటనే 108కి ఫోన్ చేసి, స్పీకర్ ఆన్ చేసి కింద పెట్టేయండి. మనిషిని నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. పరుపు మీద నొక్కితే పరుపే దిగుతుంది గానీ ఛాతీ దిగదు. ఛాతీ మధ్యలో, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేయి, దానిమీద రెండోది. మోచేతులు వంచకుండా మన బరువంతా వేసి రెండంగుళాలు దిగేలా నొక్కాలి. నిమిషానికి నూరు నుంచి నూట ఇరవై సార్లు. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. అలిసిపోతే రెండో మనిషి అందుకోవాలి.

నోట్లో నోరు పెట్టి ఊదాలా అని సందేహం. పెద్దవాళ్లు అలా కూలిపోయినప్పుడు ఊదకుండా నొక్కినా చాలంటున్నారు. మన దేశంలో మత్తు డాక్టర్ల సంఘంవాళ్లు మామూలు జనం కోసం 'కోల్స్' అనే పేరుతో ఉత్తి నొక్కుడు పద్ధతినే 2017లో ఖాయం చేశారు. చిన్నపిల్లలకీ, నీళ్లలో మునిగినవాళ్లకీ మాత్రం ఊదడం అవసరం. అక్కడ ముందు ఆగేది గుండె కాదు, ఊపిరి. అప్పుడు 30 నొక్కులకి 2 ఊదుళ్లు.

బ్రిటన్‌లోని రిససిటేషన్ కౌన్సిల్ 2013లో 'లైఫ్‌సేవర్' అని ఒక సినిమాలాంటి ఆట తయారుచేసింది. డబ్బు కట్టక్కర్లేదు. మధ్యలో ఆపి "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని మనల్నే అడుగుతుంది. తొందరగా జవాబు చెప్పకపోతే తెరమీద మనిషి పరిస్థితి విషమిస్తుంది. చెమటలు పట్టేస్తాయనుకోండి! బ్రిటన్‌లోనే గుండెజబ్బుల సంస్థ ఒకటి 2012లో 'స్టేయింగ్ అలైవ్' అనే పాత ఇంగ్లీషుపాట తాళానికి నొక్కమని ప్రకటన తీసింది. ఆ పాట లయ నిమిషానికి 103. మనకి ఆ పాటే కావాలని ఏముంది? భజనలో జోరందుకున్నాక తాళం ఎంత వేగంగా పడుతుందో గడియారం పెట్టి లెక్కపెట్టుకోండి, మీకు సరిపడే పాట మీకే దొరుకుతుంది. దిండు నేలమీద వేసి రెండు నిమిషాలు నొక్కి చూస్తే తెలుస్తుంది. పిండి రుబ్బిన చేతులు కూడా రెండు నిమిషాలకే లాగేస్తాయి.

ఇంకో మాట. ఇది ఆడవాళ్ల పత్రిక కాబట్టి ఇక్కడే చెప్పాలి. అమెరికాలో 2018లో బయటికొచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, బజారులో కూలిపోయిన మగవాళ్లలో నూటికి 45 మందికి చుట్టుపక్కలవాళ్లు సీపీఆర్ చేశారు. ఆడవాళ్లకైతే 39 మందికే. ముట్టుకుంటే ఏమనుకుంటారో అనే సంకోచం ఒక కారణమని అంటారు. అక్కడే అలా ఉంటే మన దగ్గర చెప్పాలా? పైట సర్ది, నీళ్లు చల్లి, "ఆడవాళ్లెవరైనా రండి" అని అరుస్తూ నిలబడతారు. అందుకని మన ఇళ్లల్లో ముందు ఆడవాళ్లం నేర్చుకోవాలి. అలాగే మన మగపిల్లలకి కూడా "అమ్మకైనా, అక్కకైనా, దారినపోయే ఆవిడకైనా సంకోచించకుండా చెయ్యి" అని నోరు తెరిచి చెప్పాలి. పోలీసు కేసంటూ భయం కూడా అక్కర్లేదు. సాయం చేసినవాళ్లని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టంలోనూ చేర్చారు. ప్రమాదంలో సాయపడినవాళ్లు పేరు చెప్పి తీరాలన్న నిబంధన కూడా లేదు.

గుండె సంగతే ఇంకొంచెం. సినిమాలో హీరో తండ్రి ఎడమవైపు ఛాతీ పట్టుకుని పడిపోతాడు చూడండి, ఆడవాళ్లకి ప్రతిసారీ అలా రాదు. ఛాతీ బరువు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. దవడ నొప్పి, వీపు మధ్య నొప్పి, రెండు మెట్లెక్కితే ఆయాసం, ఊరికే చెమటలు, ఎన్నడూ లేని నీరసం, వికారం... ఇవి చూసి "గ్యాస్" అనుకుంటాం. సోడా తాగి, వాము నమిలి, వంట పూర్తిచేసి, అందరికీ వడ్డించి అప్పుడు పడుకుంటాం! షుగరున్నవాళ్లకి అసలు నొప్పే తెలియకపోవచ్చు. అలాంటి 'గ్యాస్' కొత్తగా వచ్చి, పావుగంటైనా తగ్గకపోతే ఈసీజీ తీయించుకోవాల్సిందే. పులుసు పొయ్యిమీద ఉన్నా సరే.

పక్షవాతానికి గుర్తులు మీకు తెలిసే ఉంటాయి - మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం. చాలామందికి తెలియనిది టైము. రక్తం గడ్డని కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అందులోనే స్కానింగూ అయిపోవాలి. "తెల్లారాక చూద్దాంలే" అన్న మాటే కొంపముంచుతుంది. లక్షణం మొదలైన టైము కాగితమ్మీద రాసుకుని వెళ్లండి, డాక్టర్లు మొట్టమొదట అడిగేది అదే.

తేదీ చూసి మరీ నమ్మండి

ఒకే విషయంమీద పది వీడియోలు పదిరకాలుగా చెప్తాయి. దేన్ని నమ్మాలి? గొంతుకి అడ్డం పడటం తీసుకోండి. వేరుశనగ గింజో, మాంసం ముక్కో అడ్డంపడి మాట పెగలకుండా ఉంటే, వెనకనుంచి పట్టుకుని బొడ్డు పైభాగాన లోపలికీ పైకీ నొక్కే పద్ధతిని డాక్టర్ హెన్రీ హైమ్లిక్ 1974లో చెప్పాడు. చాలాకాలం అమెరికా గుండె సంఘంవారు పెద్దవాళ్లకి అదొక్కటే నేర్పారు. 2025లో మార్చారు. ముందు ముందుకి వంచి వీపుమీద ఐదు దెబ్బలు, పోకపోతే ఐదు పొట్ట నొక్కులు, మళ్లీ వీపు... ఇలా మార్చి మార్చి చెయ్యమంటున్నారు. ఏడాది నిండని పసివాళ్లకి పొట్ట అస్సలు నొక్కకూడదు. తల కిందికుండేలా బోర్లా పట్టుకుని వీపుమీద ఐదు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యన ఐదు. కనబడని వస్తువుకోసం నోట్లో వేలు పెట్టి కెలక్కూడదు. అంటే పదేళ్లకిందటి వీడియో తప్పని కాదు, పాతబడింది. ఎప్పుడు పెట్టారో, ఎవరు పెట్టారో చూడటం అందుకే. ఏదో నూనె, ఏదో పొడి చివర్లో అమ్మేవాళ్ల మాట మాత్రం మొదట్నించీ వినక్కర్లేదు.

కాలిన గాయానికి ఇంకు, పేస్టు, పసుపు, ఐసు - ఏదీ వద్దు. కుళాయి కింద ఇరవై నిమిషాలు. గాజులూ ఉంగరాలూ వాపు రాకముందే తీసేయాలి. అంతే.

పాముకాటుకి కూడా పాతసినిమా వైద్యం మానేయాలి. గాటు పెట్టకూడదు, నోటితో పీల్చకూడదు, తాడుతో బిగించి కట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా కర్రకట్టినట్టు ఉంచి, నడిపించకుండా ఆస్పత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ నాలుగిటికీ కలిపి ఒకటే విరుగుడు మందు, కాబట్టి పాముని వెతికి చంపి తేనక్కర్లేదు. పల్లెల్లో ఉన్న అక్కాచెల్లెళ్లు ఒకటి గుర్తుంచుకోండి. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. తెల్లవారుజామున లేచి "కడుపునొప్పి, కళ్లు మూతలు పడిపోతున్నాయి" అంటే అజీర్తి అని ఊరుకోకండి.

వంటపేజీలో ఈ కొలత కూడా రాసుకోండి

ఎమర్జెన్సీ వైద్యం తల్లుల చేతికి రావడం కొత్తేం కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు సరిహద్దులోని బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపించి, బంధువులనే గ్లాసులతో తాగించమన్నాడు. చావులు నూటికి 30 నుంచి నాలుగు లోపుకి దిగాయి. 2022లో ఆయన పోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు.

ప్యాకెట్ దొరికితే అదే వాడండి. దొరకనప్పుడు కొలత ఇది: కాచి చల్లార్చిన నీళ్లు లీటరు, పంచదార టీస్పూనుతో ఆరు, ఉప్పు అరస్పూను. రెండూ తలకొట్టి కొలవాలి, కుప్పగా కాదు. కూరలో ఉప్పులాగా అందాజా పనికిరాదు. ఎక్కువైతే పసివాళ్లకి ప్రమాదం. కలిపిన ఇరవై నాలుగు గంటలకి పారబోయాలి. పేరు ఓఆర్‌ఎస్ అని వేసుకుని పంచదార పానకాలు అమ్మేవాళ్ల మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్లతరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఎక్కువ పంచదార విరోచనాలని ఇంకా పెంచుతుంది. అందుకే ఆ గొడవ.

ఐసీయూ తలుపు ముందు

ఐసీయూ అనగానే మనకి గుండె జారిపోతుంది. దాని పుట్టుక తెలిస్తే భయం కొంత తగ్గొచ్చు. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చి ఊపిరి తీసే కండరాలు చచ్చుబడి పిల్లలు రాలిపోతుంటే, బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు ఒక పన్నెండేళ్ల పిల్ల గొంతులో గొట్టం వేసి, రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఊపిరి అందించాడు. ఆ పిల్ల బతికింది. ఇక మిషన్లు ఎక్కడివి? సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా, రాత్రింబవళ్లు, నెలలతరబడి సంచులు నొక్కుతూ కూర్చున్నారు. అక్కడినుంచే మరుసటి ఏడాది ఐసీయూ అనే వార్డు పుట్టింది.

మా మామగారు న్యుమోనియాతో ఆరురోజులు ఐసీయూలో ఉన్నప్పుడు నేను రాత్రుళ్లు బయట కుర్చీలో కూర్చుని ఈ పాఠాలే చదివాను. మందు మార్చమని చెప్పడానికి కాదు, ఆ పని మనది కాదు. లోపల కనబడేదేమిటో తెలిస్తే ఊహల్తో చావక్కర్లేదు కదా అని. మానిటర్ మీద గుండెవేగం మామూలుగా 60 నుంచి 100. ఊపిరి నిమిషానికి 12 నుంచి 20. ఆక్సిజన్ 95 పైన, ఈ అంకె 2020, 21 కోవిడ్ రోజుల్లో వేలికి క్లిప్పు పెట్టుకుని అందరం నేర్చుకున్నదే. పాత ఊపిరితిత్తుల జబ్బున్న కొందరికి డాక్టర్లే కావాలని 88, 92 మధ్య ఉంచుతారట. మిషను కుయ్యిమన్నప్పుడల్లా ప్రాణం పోతున్నట్టు కాదు, వేలి క్లిప్పు జారినా అరుస్తుంది. మంచానికి వేలాడే మూత్రం సంచిని నర్సు గంటగంటకీ చూసేది ఎందుకంటే, మనిషి బరువు కిలోకి గంటకి అర మిల్లీలీటరైనా రావాలి. అరవై కిలోల మనిషికి ముప్ఫై. అంతకన్నా తగ్గితే కిడ్నీలకి రక్తం సరిగ్గా అందట్లేదేమో అని చూస్తారు.

మూడోరోజు రాత్రి మామగారు "మంచం కింద గేదె ఉంది, పాలు పిండండి" అని నర్సుని కేకలేశారు. సెలైన్ గొట్టం పీకబోయారు. మా ఆయన బెంబేలెత్తిపోయారు, మెదడు చెడిపోయిందనుకున్నారు. దానికి 'డెలీరియం' అని పేరుందని, ఐసీయూలో పెద్దవాళ్లకి తరచూ వస్తుందని, ఇంటిమనిషి గొంతు, కళ్లజోడు, చెవిమిషను, ఇవాళ ఏ వారమో చెప్పడం లాంటివి సాయపడతాయని నేనప్పటికే చదివి ఉన్నాను. డాక్టరుగారిని అడిగితే ఔనమ్మా అని, రోజుకు రెండుసార్లు లోపలికి వెళ్లి మాట్లాడటానికి ఒప్పుకున్నారు. కళ్లజోడు పెట్టి, "మామయ్యగారూ, ఇవాళ గురువారం, ఆస్పత్రిలో ఉన్నారు, గేదెకి మీ అబ్బాయి గడ్డి వేశాడు" అని చెప్పాను. రెండ్రోజుల్లో సర్దుకుంది. ఈ మాటకి మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటారు.

డాక్టరు దొరికేది మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాల్లో "ఎలా ఉంది?" అంటే "చూస్తున్నాం" అనే జవాబే వస్తుంది. "నిన్నటికంటే ఆక్సిజన్ తక్కువ పెడుతున్నారా, ఎక్కువా? బీపీ నిలబెట్టే మందు డోసు తగ్గిందా? ఇవాళ మీరు ఎదురుచూస్తున్న మార్పు ఏమిటి?" అని అడిగి చూడండి. ఈ ముక్కలు ఏ పాఠంలోనూ వరసగా రాసిలేవు, చదివి చదివి నేను కూర్చుకున్నవి. గౌరవంగా అడిగితే ఎవరూ విసుక్కోలేదు.

ఇంగ్లీషు రాదని వెనకాడకండి. తెలుగులో ఇలాంటివి తక్కువే, ఒప్పుకుంటాను. నా ఇంటర్మీడియట్ ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమే. వీడియోని నెమ్మదిగా నడిచేలా పెట్టుకోవచ్చు, కింద అక్షరాలు తెలుగులోకి మారేలా పెట్టుకోవచ్చు. ఆ అనువాదం ఒక్కోసారి నవ్వు తెప్పిస్తుంది కాబట్టి అంకెలు మాత్రం ఇంగ్లీషులోదే చూడండి. చేతులతో చేసేది ఏ భాషలోనైనా చెయ్యే కదా!

వీలైతే ఈ వారమే ఒక కాగితం తీసుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి. 108 అని పెద్దక్షరాల్లో. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన నంబరు, పసిపిల్లలకి కూడా తెలుసు. కానీ కంగారులో మన ఇంటి అడ్రసే మనకి నోటికి రాదు. అందుకని దానికింద ఇంటినంబరు, వీధి, ఏ గుడి పక్క సందో, బండి ఏవైపునుంచి రావాలో రాయండి. ఇంట్లో ఎవరికి షుగరు, ఎవరికి బీపీ, ఎవరు రక్తం పల్చబడే మందు వాడుతున్నారో, ఎవరికి ఏ ఇంజెక్షను పడదో కూడా. పనమ్మాయి కూడా చదవగలిగేలా తెలుగులోనే రాయండి. ఆ టైముకి ఇంట్లో ఉండేది ఆ పిల్లే కావచ్చు.